మెష్ బిగించడానికి ట్యాకులా, కుట్లా, జిగురా? ఎన్ని, ఎక్కడ, ఎంత లోతు?

సర్జరీ పీజీ

అందరికీ నమస్కారం. లాపరోస్కోపీలో హెర్నియాకి వేసే మెష్ (వల) ఫిక్సేషన్, అంటే దాన్ని పొట్ట గోడకి బిగించడం గురించి అడుగుతున్నాను. టెక్స్ట్‌బుక్కులు "డబుల్ క్రౌన్ ట్యాకింగ్, నాలుగు వైపులా ట్రాన్స్‌ఫేషియల్ కుట్లు" అని, అంటే స్క్రూల్లాంటి చిన్న పిన్నులు (ట్యాకులు) రెండు వలయాలుగా కొట్టి, పొట్ట గోడ మొత్తం గుండా నాలుగు కుట్లు వేయమని, ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లిపోతాయి. ఆ ముక్క వెనక లెక్కేమిటో, ఎక్కడ తప్పుతుందో ఎవరైనా విడమరిచి చెప్పగలరా?

ఉదాహరణకి ఒక కేసు అనుకుందాం. బొడ్డు దగ్గర 5 సెం.మీ. డిఫెక్ట్ (హెర్నియా రంధ్రం), బీఎమ్ఐ 34. ఐపామ్ (పొట్ట లోపలి నుంచి, పేగు వైపున మెష్ పరిచే ఆపరేషన్) చేద్దామని ప్లాన్. 15 సెం.మీ. గుండ్రటి కోటెడ్ మెష్ (పేగు వైపు పూత ఉన్నది), 30 ట్యాకులుండే ట్యాకర్ ఒకటి ఉన్నాయి.

ఎన్ని ట్యాకులు వేయాలి, ఒకదానికొకటి ఎంత దూరం? కరిగేవా, టైటానియమా? ట్యాకులు వేశాక కుట్లు ఇంకా కావాలా? సగం దిగి వేలాడుతున్న ట్యాక్‌ని వదిలేయవచ్చా? గజ్జ హెర్నియాలో ట్యాకర్ వాడాలా వద్దా అంటే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. దాని గురించి కూడా చెప్పండి.

లాప్ సర్జన్

లెక్క దగ్గర నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే చాలామంది చెయ్యనిది అదే.

గట్టిగా దగ్గినప్పుడు, గెంతినప్పుడు పొట్టలో ఒత్తిడి 150 మి.మీ. పాదరసం దాకా, అంటే 20 కిలోపాస్కల్ దాకా పోతుంది. 5 సెం.మీ. రంధ్రం మీద ఆ ఒత్తిడి తోసే బలం సుమారు 39 న్యూటన్లు, దాదాపు 4 కిలోల బరువు. అదే 10 సెం.మీ. రంధ్రమైతే 157 న్యూటన్లు, 16 కిలోలు. వెడల్పు రెట్టింపైతే బలం నాలుగింతలు అవుతోంది. కానీ రెండు కేసుల్లోనూ "5 సెం.మీ. ఓవర్‌ల్యాప్" (రంధ్రం అంచు దాటి ప్రతి వైపూ అంత మెష్) అనే ఒకే సూత్రం పాటిస్తాం. 5 సెం.మీ. డిఫెక్ట్‌కి 15 సెం.మీ. మెష్ వేస్తే మెష్ విస్తీర్ణం రంధ్రానికి 9 రెట్లు. 10 సెం.మీ. డిఫెక్ట్‌కి 20 సెం.మీ. మెష్ వేస్తే 4 రెట్లే. ఆ లోటును ఎక్కువ ట్యాకులతో పూడ్చాలని చూస్తే కుదరదు. డిఫెక్ట్‌ని మూయాలి, లేదా మెష్ పెద్దది వేయాలి, లేదా ఆపరేషనే మార్చుకోవాలి.

ట్యాక్ పని కొన్ని వారాలదే. కణజాలం మెష్ రంధ్రాల్లోకి పెరిగి పట్టుకునే దాకా మెష్ జరగకుండా, అంచు ముడుచుకోకుండా చూస్తే దాని పని అయిపోయినట్టే. పట్టులో పెద్ద భాగం మొదటి రెండు వారాల్లోనే వచ్చేస్తుంది. అందుకే కరిగే ట్యాకులు పనికొస్తున్నాయి. అయితే ఈ మాట పెద్ద రంధ్రాల పాలీప్రొపిలీన్, పాలియెస్టర్ మెష్‌లకి వర్తిస్తుంది. ఈ-పీటీఎఫ్ఈ లాంటి సూక్ష్మరంధ్రాల షీట్‌లోకి కణజాలం సరిగ్గా పెరగదు. దానికి శాశ్వత ఫిక్సేషన్ కావాలి, కరిగే ట్యాకుల మీద వదలకూడదు.

ఇప్పుడు లోతు. మీ కేసులో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కరిగే ట్యాక్ పొడవు రకాన్ని బట్టి 5 మి.మీ. నుంచి 7 మి.మీ. దాకా ఉంటుంది. టైటానియం స్ప్రింగు ట్యాక్ దాదాపు 4 మి.మీ. అందులో మెష్ మందం, ట్యాక్ తల కలిసి ఒక మి.మీ. పైగా తినేస్తాయి. స్ప్రింగు ట్యాక్‌కి మిగిలేది రెండున్నర మి.మీ. బీఎమ్ఐ 34 ఉన్న మనిషిలో పెరిటోనియం (పొట్ట లోపలి పలుచటి పొర) వెనక కొవ్వు, ముఖ్యంగా ఫాల్సిఫామ్ లిగమెంట్ (లివర్ నుంచి బొడ్డు వైపు వచ్చే మడత) ఉన్న చోట, ఒక సెంటీమీటర్ మందం సులువుగా ఉంటుంది. అప్పుడు మీరు వేసిన 30 ట్యాకులూ కొవ్వులోనే ఉంటాయి. ఫేషియాని, అంటే కండని కప్పే గట్టి పొరని, ఒక్కటీ ముట్టుకోదు. స్క్రీన్ మీద మాత్రం మెష్ చక్కగా అతుక్కున్నట్టే కనిపిస్తుంది. కాబట్టి ట్యాకర్ చేతిలోకి తీసుకునే ముందే ఫాల్సిఫామ్ లిగమెంట్‌ని, మధ్యగీత వెంట ఉన్న కొవ్వుని దింపి, మెష్ అంచు పడే చోటంతా తెల్లటి పోస్టీరియర్ రెక్టస్ షీత్ (పొట్ట ముందరి నిలువు కండ రెక్టస్ వెనక పొర) కనిపించేలా చేసుకోండి. డిఫెక్ట్ బొడ్డు కింద ఉంటే ఆ పనిని బ్లాడర్ వైపు కూడా కొనసాగించాలి.

కొలత: డిఫెక్ట్‌ని చర్మం మీద నుంచి, పొట్టలో గ్యాస్ ఒత్తిడి 15 మి.మీ. పాదరసంలో ఉండగా కొలిస్తే ఉన్నదానికన్నా పెద్దగా వస్తుంది. ఒత్తిడిని 6 నుంచి 8కి దించి, అంచుల దగ్గర స్పైనల్ నీడిల్ గుచ్చి, లోపలి నుంచి స్కేలుతోనో టేపుతోనో కొలవండి.

ట్యాకుల సంఖ్య: 15 సెం.మీ. మెష్‌లో అంచుకి 1 సెం.మీ. లోపలగా బయటి వరుస వేస్తే ఆ వలయం 13 సెం.మీ. వ్యాసం, చుట్టుకొలత దాదాపు 41 సెం.మీ. రెండు సెంటీమీటర్లకొకటి చొప్పున 20 ట్యాకులు. లోపలి వరుస డిఫెక్ట్ అంచుకి 1 సెం.మీ. అవతల, అంటే 7 సెం.మీ. వలయం, చుట్టుకొలత 22 సెం.మీ., అక్కడ 11. మొత్తం 31. మీ దగ్గర ఉన్నవి 30, అందులో రెండు మూడు ఎలాగూ వృథా అవుతాయి. అంటే ముందే తెలుసుకోవాల్సిన సంగతి: నాలుగు వైపులా కుట్లు వేస్తేనో, డిఫెక్ట్ మూసేస్తేనో ఒక్క ట్యాకర్ సరిపోతుంది. డిఫెక్ట్ మూస్తే లోపలి వలయం అవసరం ఉండదు, మూసిన గీతకి రెండు పక్కలా మూడేసి చాలు.

రెండు సెంటీమీటర్లే ఎందుకంటే, అంతకన్నా ఎడం పెరిగితే రెండు ట్యాకుల మధ్య అంచు వేలాడి పేగు దాని వెనక్కి దూరుతుంది. వరుస అంచుకి మరీ దగ్గరైతే మెష్ దారాలు చిరుగుతాయి. 2 సెం.మీ. కన్నా లోపలికి పోతే అంచు మడత పడి పేగుకి తగులుతుంది.

కొట్టే పద్ధతి: ఎడమ చేత్తో బయట నుంచి పొట్ట గోడని లోపలికి నొక్కి, ఆ చోటికి ట్యాకర్ మొనని నిటారుగా ఆనించండి. అరచేతికి మొన గట్టిగా తగలాలి. ట్రిగ్గర్‌ని చివరిదాకా ఒకే ఊపులో నొక్కి, ఒక క్షణం అలాగే పట్టి, ముందు ట్రిగ్గర్ వదిలి, తర్వాతే మొన తీయండి. ఈ వరుస తారుమారైతేనే సగం దిగిన ట్యాకులు వస్తాయి. రెండో కారణం వంకర కోణం. పోర్టులున్న వైపు అంచుకి ట్యాకర్ నిటారుగా చేరదు, ఏటవాలుగా గోకుతుంది. అటు పక్క ట్యాకుల కోసం ఎదురు వైపు ఒక 5 మి.మీ. పోర్ట్ తప్పదు. దాన్ని తప్పించుకోవాలని చూసినప్పుడే ఆ వైపు అంచు ఊడుతుంది.

సగం దిగినదాన్ని వదలొద్దు. బయటకి పొడుచుకొచ్చిన మొనకి పేగు అతుక్కుంటుంది, గీసుకుని రంధ్రం పడిన కేసులు కూడా రిపోర్ట్ అయ్యాయి. స్ప్రింగు ట్యాక్‌ని గ్రాస్పర్‌తో పట్టి అపసవ్యంగా తిప్పితే వస్తుంది, లాగితే మెష్ చిరుగుతుంది. జారిపడినది కనిపించకుండా పోతే వెతికి తీసి లెక్క సరిపెట్టుకోవాలి.

టైటానియమా, కరిగేదా అన్నదానికి: తర్వాత వచ్చే నొప్పిలో ఈ రెంటికీ మధ్య స్పష్టమైన తేడా ఇంతవరకు తేలలేదు. కరిగేది వాడటానికి నేను ఒప్పుకునే కారణం వేరు. మళ్లీ పొట్ట తెరవాల్సి వస్తే లోహపు మొనలు ఉండవు. గట్టి మచ్చ కణజాలం, కూపర్ లిగమెంట్ (ప్యూబిక్ ఎముక మీది గట్టి పట్టీ) లాంటి చోట్ల మాత్రం కొన్ని కరిగే ట్యాకులు విరుగుతాయి, అక్కడ స్ప్రింగు బాగా దిగుతుంది.

ఓపెన్ హెర్నియా

పై సార్ చెప్పినదానికి కుట్ల వైపు నుంచి చేరుస్తాను.

ట్రాన్స్‌ఫేషియల్ కుట్టు పొట్ట గోడ మొత్తం మందాన్ని పట్టుకుంటుంది, ట్యాక్ లోపలి పొరనే పట్టుకుంటుంది. అందుకే జారే బలానికి కుట్టు గట్టిది. అందుకే నొప్పి కూడా దాంతోనే ఎక్కువ. మీ కేసులో డిఫెక్ట్ మూసి, నాలుగు కుట్లు వేసి, మిగతాది ట్యాకులతో నింపడం సబబు. ప్రతి 5 సెం.మీ.కి ఒక కుట్టు వేస్తూ చుట్టూ తిరగాల్సిన పని లేదు.

మెష్ లోపలికి పంపకముందే 12, 3, 6, 9 గంటల చోట, అంచుకి 1 సెం.మీ. లోపల, 0 సైజు పాలీప్రొపిలీన్ (కరగని దారం) లేదా పీడీఎస్‌తో (నెమ్మదిగా కరిగే దారం) కుట్టి ముడివేసి, రెండు కొసలూ 15 సెం.మీ. తక్కువ కాకుండా వదలండి. ముడి కండ వైపు ఉండాలి, కోటింగ్ వైపు దారం కనిపించకూడదు. తలవైపు కుట్టుకి వేరే రంగు దారం వాడితే లోపల మెష్ విప్పాక దిక్కు తెలియక తిరగడం ఉండదు. కోటింగ్ లోపలికి వచ్చేలా చుట్టి పోర్ట్ గుండా పంపండి. అలా చుడితే లాగేటప్పుడు కోటింగ్ గీసుకోదు.

చర్మం మీద 2 మి.మీ. గాటు చాలు. సూచర్ పాసర్ (దారాన్ని గోడ గుండా లాగే సూది) రెండుసార్లు అదే గాటులోంచి వెళ్లాలి, కానీ ఫేషియాలో రెండు చోట్ల, ఒక సెంటీమీటర్ ఎడంగా దిగాలి. ఒకే రంధ్రంలోంచి రెండు కొసలూ వస్తే ముడి కింద పట్టడానికి ఫేషియానే ఉండదు, లాగితే ముడి లోపలికి జారిపోతుంది. ముడి వేసేటప్పుడు గ్యాస్ 8కి దించండి. పొట్ట ఉబ్బి ఉండగా ముడి ఎంత బిగిసిందో చేతికి తెలియదు. ముడి ఫేషియాని తాకి ఆగాలి, కండని కోసేలా బిగిస్తే ఆ ముద్ద రక్తం అందక చచ్చి, కుట్టు వదులవుతుంది, నొప్పి మాత్రం మిగులుతుంది. ముడి వేశాక చర్మం గుంట పడితే మస్కిటో ఫోర్సెప్స్‌తో గాటు అంచుల్ని ఎత్తి, కింద చిక్కుకున్న చర్మం దారాల్ని విడిపించండి. అలాగే వదిలేస్తే ఆ గుంట ఎప్పటికీ పోదు.

పక్క కుట్ల దగ్గర జాగ్రత్త. టీ7 నుంచి టీ12 నరాలు ఇంటర్నల్ ఆబ్లిక్‌కీ ట్రాన్స్‌వర్సస్‌కీ మధ్యగా వచ్చి సెమిలూనార్ లైన్ (రెక్టస్ కండ బయటి అంచు) దగ్గర రెక్టస్‌లోకి వెళ్తాయి. ఆ గీత మీద వేసిన వెడల్పు కుట్టు నరాన్ని కలిపి కట్టేస్తుంది. ఇన్ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ నాళాన్ని లోపలి నుంచి చూసి తప్పించాలి, లైట్ వేసి చర్మం మీద నుంచి వెతికితే కనిపించేవి పైపైన ఉండే నాళాలే.

దారం ఎంపిక: పాలీగ్లాక్టిన్ (తొందరగా కరిగే దారం) బలం రెండు వారాలకి 75 శాతం, మూడు వారాలకి 50, నాలుగు వారాలకి 25కి పడిపోతుంది. మెష్ కుదురుకునే సమయానికి ఇది మరీ బొటాబొటి. పీడీఎస్‌లో నాలుగు నుంచి ఆరు వారాలకి కూడా సగం బలం ఉంటుంది, పూర్తిగా కరగడానికి ఆరు నెలల పైన పడుతుంది. మెష్‌కి కరిగే దారం వాడాలనుకుంటే పీడీఎస్.

ఇంకో విషయం, దీన్ని అందరూ చిన్నదనుకుంటారు. పాలీప్రొపిలీన్ దారాన్ని నీడిల్ హోల్డర్‌తో మధ్యలో పట్టొద్దు. దవడ నొక్కిన చోట దారం నలిగి చదునై తెల్లగా మెరుస్తుంది, తర్వాత తెగేది అక్కడే. ఆ దారానికి చుట్టుకుపోయే గుణం కూడా ఉంది, కాబట్టి ఐదారు ముడులు ఒకదాని మీద ఒకటి చదునుగా పడాలి. ప్రతి ముడికీ చేతులు మార్చకపోతే అది జారుడు ముడి అవుతుంది, ఎన్ని వేసినా అంతే. కొసల్ని 3 మి.మీ. వదిలి కత్తిరించండి. పొడవు వదిలితే సన్నటి మనుషుల్లో ఆ కొసలు చర్మం కింద ముల్లులా గుచ్చుకుంటాయి.

గజ్జ వైపు

గజ్జ హెర్నియా ప్రశ్నకి నా సమాధానం: టెప్‌లో (పెరిటోనియం తెరవకుండా దాని బయట చేసే లాప్ ఆపరేషన్) చాలా కేసులకి ఏ ఫిక్సేషనూ అక్కర్లేదు. 2018లో వచ్చిన హెర్నియాసర్జ్ అంతర్జాతీయ మార్గదర్శకాలు ఎమ్3, అంటే 3 సెం.మీ. పైబడిన డైరెక్ట్ హెర్నియాకి (గజ్జ వెనక గోడలోంచి నేరుగా వచ్చేది) మాత్రం టెప్‌లోనైనా టాప్‌లోనైనా (పొట్ట లోపలి నుంచి పెరిటోనియం తెరిచి చేసేది) మెష్ బిగించమంటాయి. అక్కడ మెష్ ఆ ఖాళీలోకి కూరుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి.

మెష్ కనీసం 10 × 15 సెం.మీ. ఉండాలి. తిరగబెట్టే కేసుల్లో ట్యాక్ లేకపోవడం కన్నా ఎక్కువగా కనిపించే కారణాలు చిన్న మెష్, చాలని డిసెక్షన్. పెరిటోనియంని వాస్ (వీర్యనాళం) లోపలికి మలుపు తిరిగే చోటు దాకా, పక్కన సోయాస్ కండ కనిపించేదాకా దింపాలి. గ్యాస్ వదిలేటప్పుడు కింది అంచుని గ్రాస్పర్‌తో పట్టి ఉంచి, పెరిటోనియం దాని ముందు నుంచే దిగుతోందో లేదో చూస్తూ గ్యాస్ తీయండి. అది అంచు కిందికి దూరి మెష్‌ని పైకి చుట్టేస్తే, ట్యాకులు ఎన్ని ఉన్నా ఆ హెర్నియా తిరిగొస్తుంది.

ట్యాక్ వేయాల్సి వస్తే మూడు నాలుగు చోట్లే. కూపర్ లిగమెంట్ మీద ఒకటి రెండు, ప్యూబిక్ ట్యూబర్‌కిల్‌కి దగ్గరగా. పక్కకి జరిగేకొద్దీ కరోనా మోర్టిస్ నాళం కూపర్ మీదుగా దాటుతుంటుంది, కాబట్టి ముందు చూసి కొట్టండి. రెక్టస్ వెనక ఒకటి, ఎపిగాస్ట్రిక్ నాళాలకి లోపలి వైపు. బయటి వైపు ఒకటి, ఇలియోప్యూబిక్ ట్రాక్ట్‌కి (గజ్జ మడత వెంట లోపల ఉండే పట్టీ) బాగా పైన.

ఆ ట్రాక్ట్ కింద ఎక్కడా వద్దు. వాస్‌కీ గొనాడల్ (వృషణ) నాళాలకీ మధ్య ఎక్స్‌టర్నల్ ఇలియాక్ ధమని, సిర ఉంటాయి. గొనాడల్ నాళాలకి బయటి వైపు ఫెమరల్ నరం, జెనిటోఫెమరల్ నరం ఫెమరల్ శాఖ, లాటరల్ క్యుటేనియస్ నరం ఉంటాయి. చేతి గుర్తు ఒకటే: బయట పెట్టిన చేతికి ట్యాకర్ మొన తగలకపోతే ట్రిగ్గర్ నొక్కొద్దు. మొన తగలడం లేదంటే అది ట్రాక్ట్ కిందకి జారిందన్నమాట. కూపర్ దగ్గర ఈ గుర్తు పనిచేయదు, అక్కడ ఎముక గట్టిదనం మొనకే తెలుస్తుంది.

స్పృహ వచ్చిన వెంటనే తొడ బయటి వైపు మంట, కరెంట్ కొట్టినట్టు నొప్పి అంటే అది మామూలు ఆపరేషన్ నొప్పి కాదు. మందులిచ్చి వారాల తరబడి చూడకుండా, తొందరగా మళ్లీ స్కోప్ వేసి ఆ ట్యాక్ తీసేయాలి. ఆలస్యమైతే ట్యాక్ తీసినా నొప్పి ఉండిపోవచ్చు.

ట్యాక్ బదులు జిగురు మంచి దారి. ఫైబ్రిన్ సీలెంట్ 2 మి.లీ. స్ప్రే చేస్తే ఒక పక్క మెష్‌కి సరిపోతుంది. పలుచటి పొరగా పడాలి, మడుగు కట్టకూడదు. సయనోఅక్రిలేట్ అయితే ఐదారు చుక్కలే, ఒక్కో చుక్క చిన్న గింజంత. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఎక్కువ పోస్తే ఆ చోట మెష్ రేకులా బిగుసుకుపోయి, రంధ్రాలు మూసుకుపోయి, కణజాలం పెరగాల్సిన చోటే పెరగదు. రక్తం, నీరు తుడిచిన పొడి చోటే చుక్క పెట్టండి.

టాప్‌లో పెరిటోనియం మూయడానికి ట్యాకులకన్నా నడుపు కుట్టు (తెంపకుండా ఒకే దారంతో వేసేది) మేలు. ముళ్ల దారం (బార్బ్‌డ్ సూచర్) వాడితే చివరి కొసని పెరిటోనియంకి ఆనించి కోసేయాలి. సెంటీమీటర్ కొస వదిలినా దాని ముళ్లకి పేగు తగులుకుని మెలి తిరిగి అబ్‌స్ట్రక్షన్ వచ్చిన కేసులు ఉన్నాయి.

ఓపెన్ హెర్నియా

గజ్జ మాట వచ్చింది కాబట్టి లిక్టెన్‌స్టీన్ (గజ్జ కోసి ముందు నుంచి మెష్ వేసే ఓపెన్ ఆపరేషన్) కుట్ల గురించి కూడా. మెష్ 7 × 15 సెం.మీ. మొదటి కుట్టు ప్యూబిక్ ట్యూబర్‌కిల్ మీది ఎపోన్యూరోసిస్ (కండ చివరి తెల్లటి పట్టీ) కణజాలంలో వేయాలి, పెరియాస్టియంలో కాదు. ఎముక పొరలో దిగిన కుట్టు నెలల తరబడి నొప్పి పెడుతుంది. మెష్ ట్యూబర్‌కిల్‌ని 2 సెం.మీ. దాటి లోపలికి వెళ్లాలి, ఈ ఆపరేషన్ తర్వాత ఎక్కువగా తిరగబెట్టేది ఆ మూలలోనే. 2-0 పాలీప్రొపిలీన్‌తో ఇంగ్వైనల్ లిగమెంట్ వెంట నడుపు కుట్టు, ఇంటర్నల్ రింగ్ దాటగానే ఆపేయండి. కాట్లన్నీ ఒకే లోతులో ఒకే గీత మీద పడితే లిగమెంట్ తపాలా బిళ్లల షీటులా ఆ గీత వెంట చిరుగుతుంది, ఒకటి లోతుగా ఒకటి పైపైన వేయండి. పై అంచుకి కరిగే దారంతో రెండు విడి కుట్లు చాలు, అవి కూడా ఎపోన్యూరోసిస్‌లోనే. ఇంటర్నల్ ఆబ్లిక్ కండలో వేస్తే లోపల దాగిన ఇలియోహైపోగాస్ట్రిక్ నరం చిక్కుతుంది. మెష్ కొంచెం వదులుగా, గుడారంలా ఉండాలి. పడుకున్నప్పుడు చదునుగా బిగించిన మెష్ మనిషి నిలబడగానే లాగుతుంది.

థియేటర్ సిస్టర్

స్క్రబ్ వైపు నుంచి కొన్ని.

ట్యాకర్ విప్పేముందు రకం, ట్యాకుల సంఖ్య, ఎక్స్‌పైరీ సర్జన్‌కి పైకి చదివి వినిపించాలి. 15, 30 రెండు సైజుల్లో వచ్చే రకాలున్నాయి, పెట్టెలు చూడటానికి ఒకేలా ఉంటాయి. ప్రతి ఐదు ట్యాకులకి ఒకసారి ఎన్ని వాడారో చెబుతూ ఉంటే, పోర్టుల వైపు అంచుకి వచ్చేసరికి ట్యాకులు అయిపోయే పరిస్థితి రాదు. వేసినవి, తీసేసినవి, మిగిలినవి మూడు అంకెలూ కౌంట్ షీట్‌లో రాయాలి. తీసిన ట్యాక్‌ని టేబుల్ మీద ఒక గిన్నెలో పెట్టి చూపించాకే పారేయాలి.

కోటెడ్ మెష్‌ని ఆఖరి నిమిషం దాకా విప్పకండి. చర్మానికి తగలనివ్వకండి, ముట్టుకునేముందు గ్లవ్స్ మార్చండి. కొల్లాజెన్ పొర ఉన్నవాటిని చుట్టేముందు సెలైన్‌లో తడపాలి, పొడిగా చుడితే పొర పగిలి పెచ్చులు లేస్తుంది. ఎంతసేపు తడపాలో పెట్టెలోని కాగితం మీదే ఉంటుంది. ఏ మెష్‌కి ఆ మెష్ సూచనే, ఒకదాని పద్ధతి ఇంకోదానికి పనికిరాదు. ఏ వైపు పేగుకి, ఏ వైపు గోడకి అన్నది విప్పగానే స్టెరైల్ పెన్‌తో గోడ వైపు బాణం గీసి గుర్తుపెట్టండి. లోపల తడిశాక రెండు వైపులూ ఒకేలా కనిపిస్తాయి.

ఫైబ్రిన్ సీలెంట్ ఫ్రోజెన్ రకమైతే కరిగించడానికి టైమ్ పడుతుంది, మెష్ లోపలికి వెళ్లాక అడిగితే అందరూ నిలబడి చూడాల్సిందే. స్ప్రే మొన మధ్యలో ఆపితే గడ్డ కట్టి మూసుకుపోతుంది, అదనపు మొన సిద్ధంగా ఉంచండి. స్ప్రేకి వాడే గ్యాస్ పొట్టలో ఒత్తిడిని పెంచుతుంది. ఒక పోర్ట్ వాల్వ్ తెరిచి ఉంచి, ఎనస్థీషియా వాళ్లకి ముందే చెప్పాలి.

మెష్ స్టిక్కర్, ట్యాకర్ స్టిక్కర్ రెండూ కేస్ షీట్‌లో అంటించి, పక్కన వాడిన ట్యాకుల సంఖ్య రాయండి. ఎమ్మారై చేయాల్సి వచ్చిన రోజు లోపల ఏ లోహం ఉందో అందరూ వెతికేది ఆ కాగితంలోనే.

సర్జరీ పీజీ

సార్లందరికీ, సిస్టర్‌కీ కృతజ్ఞతలు. 31 లెక్క చూశాక చాలా స్పష్టమైంది. రెండు అనుబంధ ప్రశ్నలు. డిఫెక్ట్ జిఫాయిడ్ (రొమ్ము ఎముక కింది కొస) దగ్గర ఉంటే పై అంచు డయాఫ్రమ్ మీద పడుతుంది కదా, అక్కడ ఎలా బిగించాలి? ప్యూబిస్‌కి (కటి ముందు ఎముక) దగ్గరగా ఉంటే?

లాప్ సర్జన్

జిఫాయిడ్ దగ్గర, పక్కటెముకల అంచుకి పైన ట్యాక్ వేయొద్దు. ఇందులో మినహాయింపు లేదు. డయాఫ్రమ్ మందం కొన్ని మిల్లీమీటర్లే, దాని మధ్య భాగం మీదే పెరికార్డియం, ఆపైన గుండె. ట్యాక్ గుండెకో కరోనరీ నాళానికో దిగి టాంపొనాడ్‌తో (గుండె చుట్టూ రక్తం చేరి దాన్ని నొక్కేయడం) మనుషులు పోయిన కేసులు ప్రచురితమయ్యాయి. ఆపరేషన్ టేబుల్ మీద గానీ, తర్వాత గంటల్లో గానీ బీపీ పడిపోయి మెడ సిరలు ఉబ్బితే ముందు ఎకో చేయించాలి, పొట్టలో రక్తస్రావం కోసం వెతుకుతూ కూర్చోకూడదు. అక్కడ చేయాల్సింది: ఫాల్సిఫామ్ లిగమెంట్ పూర్తిగా దింపి, మెష్ పై భాగాన్ని డయాఫ్రమ్ మీద పరిచి వదిలేయడం. లివర్ దాన్ని అక్కడే అదిమి పట్టుకుంటుంది. ఎడమ లోబ్ చిన్నదై మెష్ నిలవకపోతే రెండు పైపై కుట్లు, సూది మొన కండలోనే కనిపిస్తూ ఉండగా, లేదా జిగురు. కుట్ల బలమంతా పక్కటెముకల అంచు కింద నుంచే రావాలి.

ప్యూబిస్ దగ్గర మూడు దారుల ఫోలీతో (మూత్రపు గొట్టం) బ్లాడర్‌లోకి 300 మి.లీ. సెలైన్ పంపండి, బ్లాడర్ అంచు తెలుస్తుంది. టాప్‌లో లాగే పెరిటోనియం దింపి, బ్లాడర్ ఖాళీ చేసి, మెష్ కింది అంచుని కూపర్ లిగమెంట్‌కి రెండు వైపులా బిగించి, ప్యూబిస్ కిందికి కనీసం 5 సెం.మీ. వెళ్లేలా వదలండి. పక్కలకి వెళ్తే గజ్జ గురించి పైన చెప్పిన హద్దులన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

రెట్రోమస్కులర్

ఇంత చర్చలో ఒకటి వదిలేశారు. 5 సెం.మీ. డిఫెక్ట్, బీఎమ్ఐ 34 అంటే ఐపామ్ మీద నాకు అభ్యంతరం ఉంది. మెష్‌ని రెక్టస్ కండ వెనక పొరలో పెడితే పొట్ట ఒత్తిడే దాన్ని కండకి అదిమి పెడుతుంది. రెండు వైపులా రక్తం అందే కణజాలం ఉంటుంది కాబట్టి తొందరగా కుదురుకుంటుంది. ట్యాకులు అక్కర్లేదు, పేగుకి మెష్ తగలదు, కోటింగ్ అక్కర్లేదు, మామూలు పాలీప్రొపిలీన్ చాలు. ఈ పొరలో మెష్ పెట్టే లాప్ పద్ధతి ఇ-టెప్ రావాలంటే నేర్చుకోవడానికి సమయం పడుతుంది, ఒప్పుకుంటాను. పోస్టీరియర్ షీత్ మూసిన కుట్టు ఊడితే పేగు ఆ చీలికలోకి దూరి ఇరుక్కుంటుంది, అది ఈ పద్ధతికే ప్రత్యేకమైన ముప్పు. అయినా ఫిక్సేషన్ వల్ల వచ్చే నొప్పిని తగ్గించాలంటే మెష్ పొర మార్చడమే అన్నిటికన్నా పెద్ద అడుగు.

లాప్ సర్జన్

మీ మాట కాదనను. డిఫెక్ట్ ఇంకొంచెం పెద్దదైతే నేనూ అదే అంటాను. కానీ ఆ డిసెక్షన్ రాని చేతుల్లో సెమిలూనార్ లైన్ తెగితే, ఆ పొట్టని మళ్లీ బాగుచేయడం ఐపామ్ తిరగబెట్టినదాన్ని బాగుచేయడం కన్నా చాలా కష్టం. పీజీ రోజుల్లో కొవ్వు దింపడం, డిఫెక్ట్ మూయడం, ట్యాక్ నిటారుగా దించడం రావాలి. ఇవి ఎక్కడికెళ్లినా పనికొస్తాయి.

రేడియాలజీ

చిన్న విషయం. టైటానియం స్ప్రింగులు ప్లెయిన్ ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తాయి. మెష్ దాదాపు కనిపించదు కాబట్టి మెష్ ఎక్కడుందో చెప్పేది ఆ స్ప్రింగుల వలయమే. పాత ఫిల్మ్‌తో పోల్చితే వలయం చిన్నదైందా, ఒక వైపు జరిగిందా తెలుస్తుంది. రెండో ఆపరేషన్‌కి ముందు ఇది పనికొస్తుంది. ఒకటో రెండో స్ప్రింగులు వలయానికి దూరంగా కటిలో పడి ఉంటే, అవి ఊడినవి. కరిగే ట్యాకులు ఎక్స్‌రేలో కనిపించవు, మీ ఆపరేషన్ నోట్‌లో ఏ గంట చోట ఏముందో రాయకపోతే మేం ఏమీ చెప్పలేం. టైటానియం అయస్కాంతానికి లాగబడదు, ఎమ్మారైలో చుట్టూ కొంచెం నల్లమచ్చ వస్తుంది, అంతే. స్కాన్‌కి ముందు స్టిక్కర్ చూసి తయారీదారు షరతులు సరిచూసుకోవాలి.

సర్జరీ పీజీ

ఆఖరిది. కుట్టు వేసిన చోట రెండు నెలల తర్వాత కూడా ఒకే చోట నొప్పి అంటుంటే?

ఓపెన్ హెర్నియా

ఒక్క వేలితో ఆ చోటు చూపించమనండి. అరచేతితో చూపిస్తే కారణం వేరే ఉండవచ్చు, సెరోమా (నీరు చేరడం), హెర్నియా తిరగబెట్టడం చూడాలి. వేలితో గాటు మచ్చనే చూపిస్తే, పడుకోబెట్టి అక్కడ నొక్కుతూ తల ఎత్తమనండి. పొట్ట బిగిసినప్పుడు నొప్పి పెరిగితే అది గోడలోనిదే. 0.25 శాతం బుపివకెయిన్ 5 నుంచి 10 మి.లీ. ఆ మచ్చ కింద, ఫేషియాకి అటూ ఇటూ ఇవ్వండి. సూదితో ముడి గరుకు తగిలాక ఆగి అక్కడే ఎక్కించాలి. పది నిమిషాల్లో నొప్పి పోతే కారణం దొరికినట్టే. కొందరికి ఒకటి రెండు ఇంజెక్షన్లతోనే తగ్గిపోతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే లోకల్ కింద అదే మచ్చ తెరిచి ముడిని కోసి దారం లాగేయండి. అప్పటికి మెష్ కుదురుకుని ఉంటుంది కాబట్టి ఆ ఒక్క కుట్టు పోతే ఏమీ కాదు. దారం రెండు కొసలూ బయటికొచ్చాయో లేదో గాజ్ గుడ్డ మీద పరిచి చూసుకోండి, ఉంగరం పూర్తిగా రాకపోతే సగం లోపలే ఉన్నట్టు.